చార్జ్ అంటే ఎవరి జేబులోంచి?

తమ్ముడూ, అమెరికా హాస్పిటల్ కాగితంలో ‘టోటల్ చార్జెస్’ ఎదురుగా ఉన్న అంకె చూసి నిద్ర పట్టలేదని రాశావు. అది హాస్పిటల్ వేసుకున్న ధర. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే నీ ఇన్సూరెన్సు వాళ్లతో ఒప్పందం ఉన్న హాస్పిటలైతే, వాళ్లు దాన్ని తగ్గించి ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్) అనే లెక్కల కాగితం పంపుతారు. అందులో ‘పేషెంట్ రెస్పాన్సిబిలిటీ’ దగ్గర ఉన్నదే నీ వాటా. ఆ ఈఓబీ రాకుండా డబ్బు కట్టకు.

‘చార్జ్’ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. మొదట్లో బండికి బరువు ఎక్కించడమని అర్థం. అందుకే బ్యాటరీకి కరెంటు ఎక్కించినా, కార్డు మీద ఖర్చు ఎక్కించినా, మనిషి మీద నేరం మోపినా చార్జే. బస్సు చార్జీ, లాఠీచార్జి అంటూ పెరిగాం కాబట్టి మనకు తెలిసిన మాటే అనుకుంటాం. అమెరికాలో డబ్బు దగ్గర ఆ తెలిసింది సరిపోదు.

నేను వచ్చిన కొత్తలో క్రెడిట్ కార్డు లేదు. అపార్ట్‌మెంట్ దొరికేదాకా హోటల్లో దిగి డెబిట్ కార్డు ఇచ్చాను. రూము అద్దె మీద వాళ్లు అదనంగా పట్టి ఉంచిన డాలర్లు, ఖాళీ చేశాక కూడా ఖాతాలో ‘పెండింగ్ చార్జ్’ అని అలాగే కూర్చున్నాయి. ఖర్చయిన డబ్బు కాదు, కానీ వాడుకోవడానికీ లేదు. ఈలోగా అపార్ట్‌మెంటుకిచ్చిన చెక్కు బౌన్సయింది. బ్యాంకు ఒక చార్జ్ వేసింది, అపార్ట్‌మెంటు వాళ్లు లేట్ చార్జ్ వేశారు. హోటలు పట్టి ఉంచింది దానంతటదే వెనక్కి వచ్చింది, ఈ రెండూ మాత్రం రాలేదు. అయినా ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఆ నెల నెట్టుకొచ్చాను. అప్పట్నుంచీ హోటల్లో గాని, అలాగే డబ్బు పట్టి ఉంచే గ్యాస్ స్టేషన్లో (పెట్రోలు బంకులో) పంపు దగ్గర గాని డెబిట్ కార్డు వాడను. నువ్వూ వాడకు.

నువ్వు చెయ్యని ఖర్చు క్రెడిట్ కార్డు మీద కనబడితే, అది మొదట పడిన స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు అది నాది కాదని బ్యాంకుకు రాతపూర్వకంగా డిస్‌ప్యూట్ చెయ్యాలి. 1974 నాటి చట్టం ఉంది, వివరాలు బ్యాంకు సైట్లోనే దొరుకుతాయి. పోలీసు చార్జ్ అయితే లాయరు దగ్గరికి వెళ్లు, నా సలహా పనికిరాదు.

మీ వయసు పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ‘చార్జ్ ఆఫ్’ దగ్గర. ఆఫ్ అంది కదా, మాఫీ అయిపోయిందని సంబరపడతారు. కార్డు బాకీ ఆరునెలలు కట్టకపోతే బ్యాంకు తన లెక్కల్లో నష్టం కింద రాసుకుంటుంది, అంతే. బాకీ నీ నెత్తి మీదే ఉంటుంది, కలెక్షన్ వాళ్లు ఫోన్లు చేస్తారు, నువ్వు అప్పులు ఎలా తీర్చావో చూపించే క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు కనబడుతుంది. కారు లోనుకు వెళ్లినా, ఇల్లు అద్దెకు అడిగినా ముందు చూసేది ఆ రిపోర్టునే.