వ్లాద్ లిస్త్యెవ్ చనిపోయిన మర్నాడు మాస్కోలో టీవీ నిజంగానే ఆపేశారా?

ప్రశ్న: రష్యాలో ఒక టీవీ జర్నలిస్టును చంపేస్తే మర్నాడు రోజంతా ప్రోగ్రాములు ఆపేశారని విన్నాను. నిజమేనా? ఎవరాయన?

నిజమే. అప్పుడు నేను మాస్కోలో మెడిసిన్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. ఆ రోజు 1995 మార్చి 2, గురువారం. ఆయన పేరు వ్లాదిస్లావ్ లిస్త్యెవ్. అక్కడ అందరూ ఇంట్లో మనిషిని పిలిచినట్టు వ్లాద్ అనేవాళ్లు.

నేను ఒంగోలు నుంచి వెళ్లింది 1990 సెప్టెంబరులో. సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలతో నోటుపుస్తకాలకు అట్టలేసుకున్న తరం మాది. మాస్కో ఆ బొమ్మల్లో ఉన్నట్టే ఉంటుందనుకున్నాను. వెళ్లి చూస్తే కొట్లన్నీ ఖాళీ, చక్కెరకు కూడా కూపన్లు. లుముంబా యూనివర్సిటీలో మొదటి ఏడాదంతా భాషే నేర్పేవాళ్లు. ఆరు విభక్తులు, మూడు లింగాలు, రోజూ టెన్షనే. సాయంత్రం హాస్టల్ కింద హాల్లో టీవీ ఉండేది. తలుపు దగ్గర కాపలా కూర్చునే ముసలావిడను మా తెలుగువాళ్లం మామ్మ అనుకునేవాళ్లం. ఆవిడ పక్కన కూర్చుని చూసే టీవీయే నాకు అసలు క్లాసు.

ఆ అక్టోబరు 25న ‘పోలె చుదేస్’ అనే ఆట మొదలైంది. అమెరికా వాళ్ల ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ బాపతు. చక్రం తిప్పాలి, అక్షరం చెప్పాలి, దాచిన మాటను కనిపెట్టాలి. నడిపింది లిస్త్యెవ్. కళ్లజోడు, మీసం, తొందర లేని గొంతు. అక్షరం సరిపోతే ‘యెస్త్ తకాయ బూక్వ’, అంటే ‘ఉందీ అక్షరం’. భాష రానివాడికి ఇంతకన్నా మంచి బడి ఏముంది? మాట ఒక్కో అక్షరమే తెరుచుకుంటుంది, ఈలోగా ఆలోచించుకోవచ్చు. నేను తప్పు చెబితే మామ్మ పకపకా నవ్వేది. ఒప్పు చెబితే చేతిలో ఓ బిళ్ల పెట్టేది. ఆ కరువు రోజుల్లో చాక్లెట్ బిళ్లంటే మాటలు కాదు!

ఆ పేరుకు అర్థం ‘అద్భుతాల పొలం’. రష్యన్ పిల్లలందరికీ తెలిసిన కథలో ఒక చెక్కబొమ్మ కుర్రాడుంటాడు. ఆ పొలంలో నాణేలు పాతితే డబ్బుల చెట్టు మొలుస్తుందని మోసగాళ్లు వాడిని నమ్మిస్తారు. కొట్లు ఖాళీగా ఉన్న దేశంలో బహుమతుల ఆటకు ఆ పేరు పెట్టినవాళ్లు గడుసువాళ్లే. ఏడాది తిరిగేసరికి ఆయన ఆ ఆటను లియొనిద్ యాకుబోవిచ్‌కి అప్పగించేశారు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు యాకుబోవిచ్‌కి దోసకాయ ఊరగాయ జాడీలు తెచ్చిచ్చేవాళ్లు. అది చూస్తే నాకు మా ఇంటి ఆవకాయ జాడీ గుర్తొచ్చి బెంగొచ్చేది.

లిస్త్యెవ్ అంతకుముందే పేరున్న మనిషని నాకు చెప్పింది మామ్మే. 1956లో మాస్కోలో పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. కుర్రతనంలో పరుగు పందేల మనిషి. తర్వాత మాస్కో స్టేట్ యూనివర్సిటీలో జర్నలిజం చదివి, విదేశాలకు ప్రసారం చేసే రేడియోలో చేరారు. 1987 అక్టోబరు 2న ‘వ్జ్‌గ్ల్యాద్’ (చూపు అని అర్థం) అనే టీవీ ప్రోగ్రాం మొదలైంది, దాన్ని నడిపినవాళ్లలో ఆయనొకరు. శుక్రవారం రాత్రి పొద్దుపోయాక వచ్చేది. ఆ ఏడాదే బీబీసీ లాంటి విదేశీ రేడియోలను శబ్దాలతో నొక్కిపెట్టడం మానేశారు. కుర్రాళ్లంతా అటు పోకుండా పట్టి ఉంచాలని ఈ ప్రోగ్రాం పెట్టారంటారు. పెట్టినవాళ్లు ఊహించనంత దూరం పోయింది అది. అప్పటిదాకా టీవీలో వార్తంటే మన పాత దూరదర్శన్ కన్నా బిగుసుకుపోయి చదివేవాళ్లు. వీళ్లు మామూలు బట్టల్లో కూర్చుని, మధ్యలో రాక్ పాటలు వేస్తూ, అడగకూడనివన్నీ అడిగారు. 1990 డిసెంబరులో విదేశాంగ మంత్రి షెవర్‌నాద్జె రాజీనామా చేశారు. దాని మీద తీసిన భాగాన్ని రానివ్వలేదు, కొద్దిరోజులకే ప్రోగ్రామూ ఆగింది.

ఈలోగా ఆ బృందం సొంతంగా ‘విద్’ అనే సంస్థ పెట్టుకుంది. దాని గుర్తు ఒక చైనా తాత్వికుడి మట్టి తల. ప్రోగ్రాం ముందు ఆ మొహం తెరమీదకొస్తే పిల్లలు దుప్పట్లో దూరేవాళ్లు. నేనూ ఒకసారి ఉలిక్కిపడ్డాను, ఒప్పుకోవడానికేం.

నాకు బాగా నచ్చింది మాత్రం 1994లో మొదలైన ‘చాస్ పిక్’ అనే లిస్త్యెవ్ ఇంటర్వ్యూ ప్రోగ్రాం. అమెరికా టీవీలో ఇంటర్వ్యూలు చేసిన లారీ కింగ్ లాగే ప్యాంటుకు పట్టీలు తగిలించుకుని ఎదురుగా ఒక్క అతిథిని కూర్చోబెట్టుకునేవారు. అనుకరణే అనండి, కానీ ప్రశ్న వేశాక నోరు మూసుకుని ఎదురుచూడటం ఆయనకు తెలుసు. ఇప్పటి మన చర్చలు చూస్తుంటే అదెంత కష్టమైన విద్యో అర్థమవుతోంది.

ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మొదటి చానెల్ కోసం ఓఆర్‌టీ అనే కంపెనీ పెట్టింది. 51 శాతం ప్రభుత్వానిది, మిగతాది ప్రైవేటువాళ్లది. 1995 జనవరిలో లిస్త్యెవ్‌ను డైరెక్టర్ జనరల్ చేశారు. అప్పట్లో యాడ్స్ నిమిషాలను మధ్యవర్తులు కొని మళ్లీ అమ్ముకునేవాళ్లు, డబ్బు చానెల్‌కు చేరేలోపే చేతులు మారిపోయేది. ఫిబ్రవరి 20న ఆయన, కొత్త పద్ధతి వచ్చేదాకా యాడ్సే ఉండవని ప్రకటించారు. తొమ్మిది రోజులకు, మార్చి 1 రాత్రి, ‘చాస్ పిక్’ చేసి నొవొకుజ్‌నెత్స్కయా వీధిలోని ఇంటికొస్తుంటే మెట్ల దగ్గర కాల్చేశారు. వయసు 38. జేబులో డబ్బు జేబులోనే ఉంది.

మర్నాడు పొద్దున క్లాసుకు వెళ్తూ హాల్లోకి తొంగిచూశాను. తెరమీద ఆయన ఫొటో, కింద ‘వ్లాదిస్లావ్ లిస్త్యెవ్ ఉబీత్’ అని ఉంది. ఉబీత్ అంటే చంపబడ్డాడు. రష్యన్‌లో నాలుగే అక్షరాలు, నాకు కూడబలుక్కునే పనిలేకుండానే అర్థమైంది. మామ్మ కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. చానెల్ మార్చాను, అక్కడా ప్రోగ్రాముల్లేవు. సాయంత్రం తిరిగొచ్చేసరికి కూడా ఆ ఫొటో అలాగే ఉంది. 1984లో ఇందిరాగాంధీ పోయినప్పుడు మా ఇంట్లో రేడియో విషాద సంగీతం వేసింది. 1991 ఆగస్టులో తిరుగుబాటప్పుడు మాస్కోలోకి ట్యాంకులొస్తే టీవీలో బ్యాలే వేశారు. ఇది వాటిలా లేదు. దేశాన్నేలినవాడు కాదు, అక్షరాల ఆట ఆడించిన మనిషి. ఆయన కోసం టీవీ నోరు కట్టేసుకుంది.

అప్పటి రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఆ రోజే ఒస్తాంకినో టీవీ స్టూడియోకొచ్చి మాట్లాడారు. మాస్కో పోలీసు అధిపతి, ప్రాసిక్యూటర్ ఉద్యోగాలు పోయాయి. ఎంతోమందిని అనుమానించారు, ఎవరికీ శిక్ష పడలేదు, 2009లో దర్యాప్తు నిలిపేశారు. యాడ్స్ డబ్బే కారణమని అక్కడ చాలామంది నమ్మకం, కోర్టులో మాత్రం ఏదీ తేలలేదు. ఓఆర్‌టీ ఏప్రిల్ 1న ప్రసారాలు మొదలుపెట్టింది.

2011లో పని మీద మళ్లీ మాస్కో వెళ్లినప్పుడు వాగన్‌కొవొ శ్మశానానికి వెళ్లాను. మెట్రోలో ‘ఉలిత్సా 1905 గోదా’ స్టేషన్లో దిగాలి. సమాధి మీద రెక్క విరిగిన అమ్మాయి కంచు విగ్రహం ఉంది. లోపలికెళ్లే ముందు గేటు దగ్గర పూలమ్మే ఆవిడను మూడు ఎర్ర కార్నేషన్లు అడిగాను.

“ఎవరికి బాబూ?” అంది.

“వ్లాద్‌కి.”

పోయినవాళ్లకు అక్కడ సరిసంఖ్యలోనే పూలివ్వాలి. ఇన్నేళ్లలో ఆ సంగతి మర్చిపోయాను. ఆవిడ ఏమీ అనకుండా నాలుగో పువ్వు కలిపి కాగితంలో చుట్టి ఇచ్చింది. మూడింటికే డబ్బులు తీసుకుంది.