కొడుకు వ్యాపారానికి తల్లి నగలు: ఇవ్వాలా, వద్దా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న టౌన్. మావారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. అమ్మాయికి పెళ్లి చేసేశాం. అబ్బాయికి పాతికేళ్లు, మూడేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు అది మానేసి, ఊరికొచ్చి గానుగ నూనె వ్యాపారం పెడతానంటున్నాడు. పన్నెండు లక్షలు కావాలట. సగం ఇంజినీరింగ్‌లో కలిసి చదివిన స్నేహితుడు పెడతాడు, మిగతా ఆరులో తన దగ్గర మూడు ఉన్నాయి. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి మూడు లక్షలు ఇమ్మంటే మావారు "నేను బతికుండగా కుదరదు" అన్నారు. రెండు నెలలుగా తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. మొన్న వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి, "నీ నగలు తాకట్టు పెట్టించమ్మా, ఏడాదిలో విడిపిస్తాను, నాన్నకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు. సంబంధాలు కూడా చూస్తున్నాం. ఉద్యోగం లేనివాడికి పిల్లనెవరిస్తారని మావారి దిగులు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇవ్వనా, వద్దా?

జవాబు: అమ్మా, వాళ్ల నాన్నకు తెలియకుండా మాత్రం ఇవ్వకండి. తెలిసి ఇవ్వాలా వద్దా అన్నది వేరే మాట, దాని దగ్గరికీ వస్తాను.

ఆ నగలు మీవి. స్త్రీధనం మీద పూర్తి హక్కు ఆడవాళ్లదే, ఇవ్వడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా భయమల్లా ఆ దాపరికం గురించే. నూనె వ్యాపారంలో మొదటి ఏడాదే మిగులు చూడటం చాలా కష్టం. గడువు దగ్గర పడ్డాక వడ్డీ కట్టమని బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. ఈలోగా చుట్టాలింట్లో ఏ పెళ్లో పడుతుంది, "నగలేవీ వేసుకోలేదేం?" అని ఆయన అడుగుతారు. మీరొక అబద్ధం చెప్పాల్సి వస్తుంది. అమ్మను ఇరికించానన్న బాధతో అబ్బాయి ఎక్కడో ఎక్కువ వడ్డీకి తెస్తాడు, లేదా ఫోన్‌లో లోన్ యాప్ నొక్కుతాడు. అలాంటి అప్పు తీసుకున్న పిల్లల్ని ఎంత వేధించారో, అది తట్టుకోలేక కొందరు పిల్లలు ఎలా ప్రాణాలు తీసుకున్నారో మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. వ్యాపారంలో మూడు లక్షలు పోతే ఇల్లు తట్టుకుంటుంది. పోయిందని ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి వస్తే పిల్లవాడు తట్టుకోలేడు.

ఇక అబ్బాయి ఆలోచన. అది పిచ్చి ఆలోచన అని నేననుకోవడం లేదు. ఎప్పటికైనా వ్యాపారం చేయాలని ఉన్నవాడికి ఇది మంచి వయసే. భార్యాబిడ్డల బాధ్యత ఇంకా మీద పడలేదు. ఇంటి లోను లేదు. రోజుకు పద్నాలుగు గంటలు నిలబడగలిగే ఒళ్లుంది. మూడేళ్ల అనుభవం ఉంది కాబట్టి రెండేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చినా, కష్టమే గానీ తలుపులు మూసుకుపోవు. నలభై ఐదేళ్లకు, ఇద్దరు పిల్లల ఫీజులు కడుతూ ఇదే ప్రయత్నం చేస్తే నష్టం ఒక్కడితో ఆగదు. సరుకు కొనడం, బేరమాడటం, రావాల్సిన డబ్బు వసూలు చేసుకోవడం, పనివాళ్లతో నెట్టుకురావడం నేర్చుకుంటే, అది ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొచ్చే చదువే.

అయితే ఈ వయసుకు ఒక బలహీనత కూడా ఉంది. గెలిచినవాళ్ల కథలే చెవిన పడతాయి. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ గురించి మీవాడు మీకు చెప్పే ఉంటాడు. బెంగళూరులో ఇంజినీరుగా ఉన్న మన తెలుగు కుర్రాడు ఫణీంద్ర సామా, దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క, ఇద్దరు స్నేహితులతో కలిసి 2006లో దాన్ని మొదలుపెట్టాడు. ఏడేళ్లకు పెద్ద కంపెనీ దాన్ని కొనుక్కుంది. నిజంగా గొప్ప సంగతే. కాకపోతే ఆ ముగ్గురూ ఉద్యోగాలు చేసి దాచుకున్న సొంత డబ్బుతో మొదలుపెట్టారన్న ముక్క చాలామంది వదిలేస్తారు. అదే ఏడాది మొదలై రెండేళ్లలో మూతపడ్డ కొట్ల గురించి ఎవరూ వీడియోలు చేయరు.

మీవారి వైపు చూద్దాం. ఆయనది మొండితనమని మీ ఉత్తరంలో ఎక్కడా అనలేదు, సంతోషం. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి సంపాదించిన డబ్బు అది. ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్ కింద నెలనెలా వచ్చే పింఛను కొద్ది వేలే కదా. మందులకు, రేపు ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి, మనవళ్ల ముచ్చట్లకు ఆ మొత్తమే దిక్కు. కాబట్టి ఆ డబ్బు విషయంలో ఆయన మాటే సరైనది, దాన్ని ఎవరూ కదపకూడదు. ఆ మాట అబ్బాయికి మీరే గట్టిగా చెప్పండి. వీలైతే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేయించండి, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఇల్లు కూడా అంతే. "జామీను సంతకమే కదా" అంటూ రేపెవరైనా కాగితం తెచ్చినా పెట్టొద్దు. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, జామీను ఉన్నవాడికీ చట్టంలో అంతే.

ఆ రెంటినీ పక్కన పెట్టేస్తే, మిగిలిన గొడవ మీరనుకున్నంత పెద్దది కాదు.

ఇప్పుడు వ్యాపారం దగ్గరికి వద్దాం. మీ జిల్లాలో బుడ్డలకు, అంటే వేరుశనగకు, కొదవ లేదు, గానుగ నూనెకు గిరాకీ పెరిగిన మాటా నిజమే. కానీ లెక్క ఎలా ఉంటుందో చూడండి. వేరుశనగ గింజలు కిలో 120 రూపాయలనుకుందాం. గానుగలో లీటరు నూనె రావాలంటే సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి, అంటే 300. నూనె తీయగా చెక్క కిలోన్నర దాకా మిగులుతుంది, పశువుల దాణాకు కిలో 40 చొప్పున అమ్మితే 60 వెనక్కొస్తుంది. నూనె లీటరు 400కు పోయిందనుకుంటే గింజల ఖర్చు పోను 160 మిగిలినట్టు. నెలకు 300 లీటర్లకు 48,000. వినడానికి బాగుంటుంది. అయితే కొట్టు అద్దె, కరెంటు, సీసాలు, లేబుళ్లు, పనిమనిషి కూలి, ఆటో కిరాయి అన్నీ అందులోంచే పోవాలి. మిగిలింది ఇద్దరు పంచుకోవాలి. ఇప్పటి జీతంలో సగం వచ్చినా మొదట్లో గొప్పే.

అసలు చిక్కు లాభంలో కూడా కాదు, డబ్బు తిరగడంలో ఉంది. 300 లీటర్లకు 750 కిలోల గింజలు కావాలి. రైతుకో మండీకో 90,000 ముందే ఇవ్వాలి. కిరాణా షాపులవాళ్లు "నెల పోయాక ఇస్తాంలే" అంటారు. ఆ డబ్బు వచ్చేలోపు వచ్చే నెల గింజలకు మరో 90,000 కావాలి. అమ్మకం పెరిగేకొద్దీ చేతిలో డబ్బు తగ్గిపోతుంటే కుర్రవాళ్లకు అయోమయంగా ఉంటుంది. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, అది ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. కానీ రేపు మళ్లీ సరుకు తీసుకోవాల్సిన షాపాయన మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? అందుకే అరువు ఎంతవరకు, ఎన్ని రోజులు అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. సరుకు దగ్గరా అంతే జాగ్రత్త కావాలి. గింజల్లో తేమ ఉంటే బూజు పడుతుంది, ఆ నూనె ఆరోగ్యానికి ప్రమాదం. పుచ్చులు, ముడుచుకుపోయినవి ఏరి పారేయాలి. తీసిన నూనెను స్టీలు డ్రమ్ముల్లో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి మడ్డి దిగనివ్వాలి. తొందరపడి సీసాలో పోస్తే వారానికి అడుగున తెట్టు కడుతుంది, కొన్నావిడ ఇంకోసారి కొనదు. ఇవన్నీ మీవాడు చేతులతో చేసి చూశాడా? ఇది మాత్రం తప్పకుండా అడగండి.

చేసి ఉండకపోతే నా సలహా ఇది. ఉద్యోగం ఇప్పుడే మానొద్దు, గానుగ ఇప్పుడే కొనొద్దు. మీ చుట్టుపక్కల ఇప్పటికే నడుస్తున్న గానుగలో కూలికిచ్చి ఆడించుకోవచ్చు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకుని, సీసాల్లో సీలు వేసి, శని ఆదివారాల్లో బెంగళూరులో తనుండే అపార్ట్‌మెంట్లలో, ఆఫీసువాళ్ల ఇళ్లకు అమ్మి చూడమనండి. ఆఫీసులో ఇలాంటివి చేయనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. ఆరు నెలలు ఇలా చేస్తే చాలు. మొదటిసారి మొహమాటానికి అందరూ కొంటారు, వాళ్లను లెక్కలో వేయొద్దు. సీసా అయిపోగానే తామే ఫోన్ చేసి అడిగినవాళ్లు ఎంతమంది అన్నదే చూడాలి. ఈలోపు సెలవు పెట్టి అనంతపురం దగ్గరున్న రుడ్‌సెట్ సంస్థకు ఒకసారి వెళ్లి రమ్మనండి. నిరుద్యోగ యువతకు ఉచితంగా స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే చోటు అది. బ్యాంకులకు ప్రాజెక్టు ఎలా పెట్టుకోవాలో కూడా అక్కడ చెబుతారు.

ఆరు నెలల తర్వాత ముందుకెళ్లాలనిపిస్తే, పన్నెండు లక్షలతోనే మొదలుపెట్టాలని ఏమీ లేదు. చిన్న గానుగ, అద్దె గది, రెండు నెలల గింజలు. తక్కువైన దానికి ముద్ర రుణం ఉంది, 2015 నుంచి ఇస్తున్నారు. 50,000 దాకా శిశు, అక్కడి నుంచి 5 లక్షల దాకా కిశోర్. దానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదు. బ్యాంకు మేనేజర్ నాలుగుసార్లు తిప్పుతాడు, నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే వ్యాపారం మీద పట్టు వచ్చినట్టే. అమ్మనడిగితే ఆ ప్రశ్నలు ఎవరూ వేయరు కదా! అయితే అది కూడా అప్పే. కట్టకపోతే, అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో బ్యాంకులకు చెప్పే సిబిల్ స్కోరు దెబ్బతిని, రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోపాటే పోతుంది. రాజీనామాకు ముందే సొంత పాలసీ తీసుకోమనండి.

స్నేహితుడి సంగతి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, నాకు ఎక్కువ అనుమానం అక్కడే. మంచివాడే కావచ్చు. భాగస్వామ్య వ్యాపారంలో ఒకరు చేసిన అప్పుకు రెండోవాళ్ల సొంత ఆస్తి కూడా బాధ్యత వహించాల్సి వస్తుంది. ఎవరెంత పెట్టారు, ఎవరు పూర్తి సమయం ఉంటారు, నెలకు ఎవరు ఎంత తీసుకోవచ్చు, ఒకరు మధ్యలో పోతానంటే లెక్క ఎలా తేల్చాలి అనేవి కాగితం మీద రాసుకుని రిజిస్టర్ చేయించుకోవాలి. రాసుకుందామంటే ఆ స్నేహితుడు నొచ్చుకున్నాడనుకోండి, ఆ నొప్పి ఇప్పుడే బయటపడటం మంచిది.

సంబంధాల విషయంలో మీవారి దిగులు నాకు అర్థమైంది. మన దగ్గర అబ్బాయి సాఫ్ట్‌వేర్ అంటే ఒక మర్యాద, నూనె కొట్టు అంటే ఇంకొకటి. ఇది అన్యాయమే అయినా ఉన్న మాట. అయినా సరే, ఉద్యోగంలో ఉన్నాడని చెప్పి పెళ్లి చేసి, మూడు నెలలకు మానిపించడం ఆ అమ్మాయికి చేసే మోసం. ఈ ఆరు నెలలూ సంబంధాలు ఆపండి. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొన్ని తప్పిపోతాయి. తెలిసి ఒప్పుకున్న పిల్ల వస్తే ఆ సంసారం గట్టిగా నిలబడుతుంది.

ఇక ఆ ఇద్దరినీ మాట్లాడించడం. మీ ఇంట్లో ఒక విలువైన మనిషిని మీవాడు గుర్తించలేదు. మీవారు అన్నేళ్లపాటు రోజూ డ్యూటీ దిగాక డిపోలో టికెట్ల లెక్కకూ చేతిలో డబ్బుకూ పొంతన చూపించి, చిల్లరతో సహా అప్పజెప్పి, తేడా వస్తే జేబులోంచి కట్టి ఇంటికొచ్చిన మనిషి. చిన్న వ్యాపారాలు ఎక్కువగా మునిగేది ఈ లెక్క దగ్గరే. ఆయన్ను డబ్బు అడగొద్దు, లెక్క చూడమని అడగమనండి. శని ఆదివారాల అమ్మకాల పుస్తకం ప్రతి నెలా నాన్న ముందు పెట్టమనండి. "పెట్టుబడి ఇవ్వు" అంటే మొహం తిప్పుకునే తండ్రి, "ఈ లెక్క సరిగ్గా ఉందా నాన్నా?" అంటే కళ్లజోడు తెచ్చుకుంటాడు. ఈ మాట అబ్బాయి నోటి నుంచే రావాలి, మీరు మధ్యలో రాయబారం మోయకండి. నగల సంగతి కూడా వాడే నాన్నకు చెప్పాలి. "అమ్మను ఇలా అడిగాను, తప్పయింది" అని వాడు అంటే చాలు. వారం గడువివ్వండి, వాడు చెప్పకపోతే మీరే చెప్పండి.

ఆరు నెలల లెక్క చూశాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు, మీకు మనస్ఫూర్తిగా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. మొత్తం నగలు కాదు, పోయినా ఏడవనంత మాత్రమే. తాళిబొట్టు, అమ్మగారిచ్చిన వస్తువు లాంటివి ముట్టుకోకండి. ఎంత ఇస్తున్నారో, తిరిగి ఎప్పుడు కావాలో ముగ్గురికీ తెలియాలి. ఇంకోసారి అడిగితే లేదని కూడా ఆరోజే చెప్పండి. లోన్ యాప్‌ల జోలికి వెళ్లనని, నష్టం వస్తే బయటివాళ్లకంటే ముందు ఇంట్లో చెబుతానని వాడి చేత మాట తీసుకోండి. ఆ మాటకు బదులుగా, చెప్పినప్పుడు "నేను ముందే అన్నాను" అని మీవారు అనకూడదు. ఇది వాడు లేనప్పుడు ఆయనతో మీరే మాట్లాడండి.

ఆరు నెలలు ఆగను, రేపే మానేస్తానంటే? పాతికేళ్లవాడిని కట్టేయలేం. తన మూడు లక్షలతో ఎంత చేయగలడో అంత చేసుకోనివ్వండి. అన్నం, పడుకోవడానికి గది ఇంట్లో ఎప్పుడూ ఉంటాయని చెప్పండి. నగలు మాత్రం ఇవ్వకండి.

మీ నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మనసులో ఉన్నది ఆయనతో చెప్పేస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండు వారాలకు కూడా అలాగే ఉంటే దగ్గర్లోని డాక్టర్ను కలవండి, లేదా 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ సేవ అది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.