కరెంటు వచ్చినప్పుడు టేబుల్ కదలకూడదు

కావలి,
ఆదివారం రాత్రి.

అమ్మడూ,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు మిల్లింగ్ మిషన్‌కి మోటారు బిగిస్తుందంట అన్నా, నువ్వన్నా ఒక మాట చెప్పు" అంది. ఏం చెప్పమంటావమ్మా అంటే, "వద్దని చెప్పు" అంది. వద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ఫోన్ పెట్టేశాక అరగంట సేపు వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే మీ అత్త బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది. సంతోషమో భయమో నాకే సరిగ్గా తెలియలేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

పవర్ ఫీడ్, అంటే జాబ్ బిగించిన టేబుల్‌ని హ్యాండిల్ తిప్పే పని లేకుండా మోటారే జరిపే ఏర్పాటు, పెట్టాలనుకోవడం మంచి పని. పదేళ్ల కిందటే బావకి చెప్పాను, వినలేదు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి మీకొచ్చే షాఫ్టులే చూడు. 50 మిల్లీమీటర్ల షాఫ్టుకి 14 వెడల్పు కీవే (కీ కూర్చునే గాడి), లోతు ఐదున్నర, పొడవు 300. మీ మిషన్ స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుపుతుంది కాబట్టి ఒక కోతకి 60 చుట్లు. నాలుగు కోతల్లో దింపితే 240, వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో 240. ఒక్క షాఫ్టుకి 480 చుట్లు తిప్పి, అలాంటివి రోజుకి పది చేసిన భుజం మీ నాన్నది. ఇప్పుడు చొక్కా తొడుక్కోవడానికి మీ అమ్మ సాయం కావాల్సి వస్తోందంటే రాకేం చేస్తుంది! నీకా గతి పట్టకూడదు.

అయితే ఒకటి గుర్తుంచుకో. ఆ హ్యాండిల్ తిప్పే చేతికి అన్నీ తెలిసేవి. కట్టర్ మొద్దుబారితే మీ నాన్న చేతికి ముందు తెలిసేది, చెవికి తర్వాత. మోటారుకి అలాంటిదేమీ తెలియదు. ఎదురు ఏముందో చూడదు, నెట్టుకుంటూ పోతుంది. ఇకనుంచి నీ చెవులూ కళ్లే పని చేయాలి. పాటలు పెట్టుకుని పని చేసే అలవాటుందని మీ అమ్మ చెప్పింది. ఫీడ్ నడుస్తున్నంతసేపు అది కుదరదు.

బిగించే ముందు మిషన్ ఎలా ఉందో చూడు. టేబుల్ లాక్‌లు వదులు చేసి, ఒక చివర నుంచి రెండో చివర దాకా చేత్తో తిప్పుకుంటూ పో. అంతటా ఒకే బరువుగా తిరగాలి. పాత మిషన్లకి అరుగుదలంతా మధ్యలోనే ఉంటుంది. మధ్యలో సరిపోయిందని జిబ్ (టేబుల్ వదులు సరిచేసే పట్టీ) బిగిస్తే చివరల్లో పట్టేస్తుంది. చేత్తో తిప్పేటప్పుడు అదొక ఇబ్బంది, అంతే. ఫీడ్ పెట్టాక అదే మోటారుకి చేటు. తర్వాత స్క్రూ ప్లే, అంటే స్క్రూకీ నట్‌కీ మధ్య వదులు, చూడు. టేబుల్‌కి డయల్ గేజ్ ఆనించి ఒకవైపు తిప్పి ఆపు, అక్కడి నుంచి వెనక్కి తిప్పు. ముల్లు కదిలేలోపు హ్యాండిల్ డయల్ ఎంత తిరిగిందో అదే ప్లే. అర మిల్లీమీటరు దాటితే పవర్ ఫీడ్ పెట్టె విప్పొద్దు, ముందు నట్ సంగతి చూడు. బిగించుకునే ఏర్పాటుంటే బిగించు, అరిగిపోతే మార్చు. ప్లే ఉన్న మిషన్ మీద కట్టర్ తిరిగే వైపుకే టేబుల్ పోనిస్తే, కట్టర్ జాబ్‌ని తనవైపు లాగేసుకుంటుంది. ఎప్పుడూ కట్టర్‌కి ఎదురుగానే ఫీడ్ ఇవ్వు. ఇది నీకు డిప్లొమాలో చెప్పే ఉంటారు, అయినా నా నోరు ఊరుకోదు.

కుడివైపు హ్యాండిల్, డయల్, కీ విప్పి, విప్పిన వరసలోనే పాత పేపర్ మీద పెట్టుకో. ఫోటో తీసుకో.

నింపాదిగా చేయాల్సింది బెవెల్ గేరు దగ్గర. స్క్రూ మీద కూర్చునే గేరూ, యూనిట్ లోపలి పినియన్ అనే చిన్న గేరూ మరీ ఒరుసుకోకూడదు, మరీ దూరం ఉండకూడదు. షిమ్ములు, అంటే సందు సరిచేసే సన్నటి రేకులు, ఇచ్చేది అందుకే. నోటుబుక్కు కాగితం సన్నటి ముక్క చించి పళ్ల మధ్య పెట్టి చేత్తో ఒక చుట్టు తిప్పు. బయటికొచ్చిన కాగితం మీద పళ్ల మడతలు చక్కగా పడాలి, చిరగకూడదు. చిరిగితే బిగువు, మడత పడకపోతే వదులు. ఒక్కచోట చూసి సరిపోయిందనుకోవద్దు, గేరు చుట్టూ నాలుగుచోట్ల చూడు. మొదటిసారి ఇది కుదరడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. నాలుగో యూనిట్‌కి పావుగంటలో అయిపోయింది. నీకు ఒక పూట పడితే విసుక్కోకు. నా దగ్గర ఇత్తడి షిమ్ములున్నాయి, పాయింట్ సున్నా ఐదు నుంచి పాయింట్ మూడు మిల్లీమీటర్ల మందం దాకా. రేపు బస్ కార్గోలో వేస్తాను, ఒంగోలు బస్టాండ్‌లో తీసుకో.

టేబుల్ చివరకి పోకముందే ఫీడ్‌ని ఆపే లిమిట్ స్విచ్ కోసం, టేబుల్ కింది శాడిల్‌కి రెండు రంధ్రాలు వేసి ట్యాప్‌తో మరలు కొయ్యాలి. బీడు పొడి జారుడు దారుల్లోకి పోతే గరుకు కాగితంతో రుద్దినట్టే, అందుకని తడిగుడ్డ కప్పి పని మొదలుపెట్టు. స్టాపులు టేబుల్ చివరకి కనీసం 20 మిల్లీమీటర్లు ముందుండాలి. వేగంగా వచ్చే టేబుల్ స్విచ్ తగలగానే ఠక్కున ఆగదు. స్విచ్ వైరు బిగించకుండా ట్రయల్ చూద్దామని మాత్రం అనుకోవద్దు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నేను మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1996 వేసవి. అప్పుడు నేను ఒంగోల్లో ఒక షాపులో పనిచేసేవాణ్ణి. ఓనర్ ఎక్కడి నుంచో సెకండ్ హ్యాండ్ పవర్ ఫీడ్ ఒకటి తెచ్చాడు. అది 110 వోల్టులది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాన్ని గోడకున్న ప్లగ్‌లో దూర్చి నేనే బిగించాను. కట్టర్‌ని తిప్పే మిషన్ స్పిండిల్‌కి మామూలుగా త్రీ ఫేజ్ స్టార్టర్ ఉంది. ఫీడ్ బాగా పనిచేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ నెల రోజులూ నా అంతవాడు లేడనుకున్నాను.

నా దగ్గర టంగుటూరు అబ్బాయి ఒకడు హెల్పర్‌గా ఉండేవాడు. పదిహేడేళ్లుంటాయి. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. ఆ రోజు ఇలాంటి కీవే పనే. ఒక కోత అయింది, కట్టర్ పైకెత్తి, స్పిండిల్ ఆపి, ఫీడ్ నాబ్ పూర్తిగా తిప్పి టేబుల్‌ని వెనక్కి తెస్తున్నాను. సగం దారిలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోవడం వింతేమీ కాదు. టేబుల్ ఆగిపోయింది. టేబుల్ ఎటు పోవాలో చెప్పే ఫీడ్ లీవర్ ఎడమవైపే ఉంది. నేను దాన్ని మధ్యకి తేలేదు. "ఆ చిప్స్ తుడిచిపెట్టరా, మజ్జిగ తాగొస్తా" అని బయటికి పోయాను. ఆ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో!

వాడు బ్రష్‌తో తుడిచి, గాడిలో ఇరుక్కున్న చిప్స్‌ని వేలితో తీస్తున్నాడు. క్లాంపు బోల్టుకీ కట్టర్‌కీ మధ్య వేలు పెట్టాడు. ఉన్న సందు ఒక వేలు పట్టేంత. అప్పుడు కరెంటు వచ్చింది. కరెంటు రాగానే మనిషన్నవాడు ఏం చేస్తాడు? తలెత్తి ఫ్యాన్ వైపు చూస్తాడు. వాడూ అదే చేశాడు. స్పిండిల్ తిరగలేదు, దాన్ని ముందే ఆపాను; ఆపకపోయినా కరెంటు పోగానే దాని స్టార్టర్ పడిపోయేది. ఫీడ్ మాత్రం ఆగినచోటు నుంచి పూర్తి వేగంతో అందుకుంది. వాడి కేక నాకు రోడ్డవతల టీ కొట్టు దగ్గర వినిపించింది. కదలని కట్టర్ కూడా కత్తే కదమ్మా. ఎడమచేతి మధ్యవేలి పై కణుపు పోయింది.

ఓనర్ "వాడి అజాగ్రత్త" అన్నాడు. ఆస్పత్రి ఖర్చు పెట్టుకున్నాడు, రెండు నెలల జీతం ఇచ్చాడు. నేను నోరు విప్పలేదు. వైరు బిగించింది నేను, లీవర్ వదిలేసింది నేను, చెయ్యి పెట్టమన్నది నేను. నాలుగేళ్ల తర్వాత వాడి పెళ్లికి వెళ్లాను. మూడు ముళ్లు వేసేటప్పుడు ఆ పొట్టి వేలి మీద నుంచి పసుపుతాడు రెండుసార్లు జారింది. పక్కనున్న వాళ్లు నవ్వారు, వాడూ నవ్వాడు. నేను భోజనం చేయకుండా బస్సెక్కాను. ఇప్పుడు హైవే పక్కన టైర్ల కొట్టు పెట్టుకుని బాగానే ఉన్నాడు, నన్ను "అన్నా" అనే పిలుస్తాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా కళ్లు వాడి చేతి మీదికే పోతాయి.

అందుకని నువ్వు ఆ యూనిట్‌ని గోడ ప్లగ్‌లో మాత్రం పెట్టకు. మన రైతులు బోరు మోటారుకి ఆటో స్టార్టర్ పెట్టుకుంటారు, అర్ధరాత్రి కరెంటు వచ్చినా తనంతట తనే ఎత్తుకోవాలని. అక్కడ వాళ్లకది అవసరం. మన మిషన్‌కి సరిగ్గా దానికి ఉల్టా కావాలి. ఒక చిన్న కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే స్విచ్), పచ్చ బటన్, ఎర్ర బటన్ తెచ్చుకో. పచ్చది నొక్కితే కాయిల్ లాగుతుంది, తన కాంటాక్ట్‌తో తనే పట్టుకుని నిలబడుతుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా నువ్వు నొక్కేదాకా లేవదు. ఫీడ్ యూనిట్‌కి కరెంటు దాని తర్వాత నుంచే పోవాలి. ఎర్రది పుట్టగొడుగు లాంటి పెద్ద బటన్ పెట్టు, మోచేత్తో కొట్టినా ఆగేలా. కొత్త యూనిట్‌లో ఆ జాగ్రత్త లోపలే ఉందని అమ్మినవాళ్లు చెప్పినా ఇది పెట్టు.

యూనిట్ మీద రేకు చదివి 110 వోల్టులో 230 వోల్టులో చూసుకో. న్యూట్రల్ ప్యానెల్ నుంచే తీసుకో. దగ్గరగా ఉంది కదా అని మిషన్ బాడీని న్యూట్రల్‌గా వాడేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, అలాంటివాణ్ణి షెడ్డులోకి రానీయకు. ఎర్త్ విడిగా.

ఇంకొకటి చెప్పక తప్పదు, కోప్పడకు. కుడివైపు ఫీడ్ పెట్టినా ఎడమవైపు హ్యాండిల్ అలాగే ఉంటుంది. టేబుల్ నిమిషానికి 750 మిల్లీమీటర్లు పోతుంటే అది నిమిషానికి 150 చుట్లు తిరుగుతుంది, ఇనుప పిడితో సహా. స్ప్రింగ్‌తో విడిపోయే హ్యాండిల్ దొరుకుతుంది, అది వేయించు. అది దొరికేదాకా మామూలు హ్యాండిల్ తీసేసి పక్కన పెట్టు. నువ్వు చున్నీ నడుముకి కట్టుకుని పనిచేస్తావని తెలుసు. ఆ ముడి ఊడదని నీకెవరు చెప్పారు? షెడ్డులో చున్నీ వద్దు. మీ నాన్న పాత ఖాకీ చొక్కా వేసుకో, చేతులు మడుచుకుని. జడ లోపలికి.

చిన్నప్పుడు ఆ మిషన్ కింద కూర్చుని ఇత్తడి చిప్స్ ఏరి హార్లిక్స్ సీసాలో వేసుకునేదానివి. బంగారం అనేదానివి. "లే, కళ్లలో పడతాయి" అని నేను కసురుకుంటే బావ నా మీదే అరిచాడు. ఇప్పుడు ఆ మిషన్‌కే నువ్వు గేరు బిగిస్తున్నావు. మా ఐటీఐ బ్యాచ్‌లో ఒక్క ఆడపిల్ల లేదమ్మా. నీ ఫోటో ఒకటి, మిషన్ పక్కన నిలబడి దిగి పంపు. మీ అత్త చుట్టుపక్కలవాళ్లకి చూపిస్తుందట.

అంతా బిగించాక మొదటి ట్రయల్ ఇలా చెయ్యి. టేబుల్ మధ్యకి తెచ్చుకో. వైస్ తీసెయ్, కట్టర్ తీసెయ్. పచ్చ బటన్ నొక్కి, లీవర్ కుడికి వేసి, నెమ్మదిగా కదలనీ. కదులుతుండగా మెయిన్ ఆపు. లీవర్ ముట్టుకోకు, అలాగే ఉండనీ. పది లెక్కపెట్టి మెయిన్ వెయ్. టేబుల్ కదిలితే ఎర్రది నొక్కి, ఆ రోజుకి షెడ్డుకి తాళం వేసి ఇంటికి పో. నేను మర్నాడు పొద్దున బండికి వస్తాను. కదలకపోతే అక్కడి నుంచే నాకు ఫోన్ చెయ్యి. ఎన్ని గంటలైనా సరే, మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య