కోత కంటికి దొరక్కపోయినా చెవికి దొరుకుతుంది

ప్ర: పాత సినిమా ఒకటి నేను చూసుకోవడానికి రెండు గంటలకు కుదిస్తున్నాను. పాట తీసేసిన ప్రతిచోటా సంగీతం పుటుక్కున తెగినట్టు వినిపిస్తోంది. ఎలా సరిచేయాలి?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జ: బొమ్మనీ శబ్దాన్నీ ఒకే ఫ్రేము (సెకనుకు 24 చొప్పున వచ్చే బొమ్మల్లో ఒకటి) దగ్గర కోస్తున్నట్టున్నారు. ముందు అది మానండి. చాలా సినిమాల్లో పాట వాయిద్యం ముందు సీను ఆఖరి డైలాగు మీదే మొదలైపోతుంది. వీలైతే ఒక మాట వెనక్కి వెళ్లి అక్కడే సీను ముగించండి. ఆ మాట వదులుకోలేనిదైతే, తరువాతి సీను శబ్దాన్ని బొమ్మ కన్నా 8 నుంచి 12 ఫ్రేములు ముందే మొదలుపెట్టండి. తలుపు చప్పుడో, బండి చప్పుడో ఉంటే తెగిన వాయిద్యాన్ని అదే కప్పేస్తుంది.

పాత మోనో ట్రాకుల్లో (శబ్దమంతా ఒకే ట్రాకులో ఉండేవి) సన్నటి బుస ఉంటుంది, అదీ రీలుకో రకంగా. మాటలు చక్కగా అతికినా బుస మారడం చెవి పట్టేస్తుంది. ఎవరూ మాట్లాడని చోట నుంచి రెండు సెకన్ల బుస తీసి, అతుకు కింద వేరే ట్రాకులో పరచండి. రెండు కొసలకీ పది ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుండగా ఇంకొకటి పెరగడం) చాలు. మోనోలో తీసిన సినిమా డీవీడీ మీద 5.1 (ఆరు స్పీకర్లకు విడివిడి శబ్దం) అని ఉంటే దాని మీద ఆశపెట్టుకోకండి. ఒకే ట్రాకును సాగదీసి చేసినదైతే మాట, సంగీతం విడిగా దొరకవు.

అసలు పాట మొత్తం తీయాలా? పాటలోనే పెళ్లి జరిగి పిల్లలు పెద్దవాళ్లైపోతే, పాటతో పాటు అన్నేళ్ల కాలమూ పోతుంది. అలాంటప్పుడు మొదటి పల్లవి నుంచి చివరి పల్లవికి దూకండి. రెండు చోట్లా ఒకే అక్షరం మీద, తబలా దెబ్బ పడే చోట కోస్తే అతుకు వినపడదు. చివర్లో లయ వేగం పెంచే పాటలకు మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అక్కడ గాయకుడు ఊపిరి తీసుకునే చోటు వెతకండి.

ప్ర: మొదట్లో పెదవులు కుదురుతున్నాయి. పోనుపోను మాట తప్పుతోంది.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జ: తేడా ఎంతో కొలవండి, జబ్బు అదే చెబుతుంది. గంటకు 3.6 సెకన్లు తప్పితే, బొమ్మ, శబ్దాల్లో ఒకటి సెకనుకు 24 ఫ్రేముల లెక్కలో, ఇంకొకటి 23.976 లెక్కలో ఉన్నట్టు. నిమిషానికే రెండు సెకన్లు దాటితే 24, 25 కలిసిపోయాయి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తప్పుతుంటే ఆ ఫైలులో ఫ్రేము వేగం నిలకడగా లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చాకే టైమ్‌లైన్ మీదికి తెచ్చుకోండి. మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే ట్రాకును ఒక్కసారి జరిపితే సరి.

ప్ర: మంచి ఎడిటింగ్ నేర్చుకోవడానికి ఏ పాత సినిమా చూడాలి?
– ఒక విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జ: 'మాయాబజార్' (1957). ఎడిటర్లు సి.పి.జంబులింగం, జి.కల్యాణసుందరం. 'లాహిరి లాహిరి' దగ్గర మొదలుపెట్టండి. అభిమన్యుడు–శశిరేఖ, కృష్ణుడు–రుక్మిణి, బలరాముడు–రేవతి: పాట ఒకటే, జంటలు మూడు. ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. జంట మారే ప్రతిచోటా ఆపి, అంతకు ముందు షాట్‌లో చూపు ఎటుందో, పడవ ఎటు పోతోందో, పాటలో ఏ మాట దగ్గర మారిందో రాసుకోండి. తరువాత 'వివాహ భోజనంబు' తీసుకుని షాట్లు లెక్కపెట్టండి. ఎస్వీ రంగారావు ముఖం మీద ఎంతసేపు నిలిచారో, వంటకాల మీద ఎంతసేపో గడియారం పెట్టి చూస్తే, హాస్యం ఎక్కడ పుడుతోందో చేతికి అందుతుంది. ఈ పని చేయకుండా సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్చుకోవడం దండగ.

ప్ర: నా ఎడిట్‌ను నెట్‌లో పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

జ: సొంతంగా చూసుకోవడానికి, సమీక్షకు అవసరమైన ముక్కలు వాడుకోవడానికి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 దారి ఇస్తుంది. సినిమా మొత్తాన్ని జనానికి పంచడానికి కాదు. సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సాహిత్యానికి రచయిత కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచి 60. 'మాయాబజార్' పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి, ఆ సాహిత్యం 2031 ఆఖరుదాకా హక్కు కిందే ఉంటుంది.