వంక ఎవరిది? మీటింగ్ ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా నీళ్ళ మీదే. ఎండాకాలంలో రాలేదనీ, అక్టోబర్లో ఇంట్లోకి వచ్చాయనీ. మన సీమ బతుకు ఇంతే కదా. సరే, మొదలుపెడదాం.

ప్రశ్న: నమస్తే సార్. మాది అనంతపురం, నడిమివంక అనే వాగు పక్కన కాలనీ. 2022 అక్టోబర్లో వంక పొంగినప్పుడు మోకాళ్ళ పైకి నీళ్ళొచ్చి బియ్యం, పిల్లోళ్ళ పుస్తకాలు, ఫ్రిజ్ అన్నీ పోయినాయి. ఆ తర్వాత ఒక ఆఫీసుకి పోతే ఇది మాది కాదు ఇంకో ఆఫీసుది అంటారు, ఆడికి పోతే ముందు ఆక్రమణలు తేల్చాల అది మా పని కాదు అంటారు. ఈ మధ్య ఊర్లో పెద్దోళ్ళు, అంటే వ్యాపారులు, డాక్టర్లు, బిల్డర్లు, కాలేజీలోళ్ళు, లీడర్లు, అందరూ ఒక హోటల్లో కూర్చోని నగరం కోసం కలిసి పనిచేస్తాం అని చెప్పి శాలువాలు కప్పుకున్యారు. దీనివల్ల మాకేమన్నా ఒరుగుతుందా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: అమ్మా, శాలువాల సంగతి వదిలేయండి, కానీ కూర్చోవడం మాత్రం తప్పేం కాదు. వంక ఒక్కరి చేతిలో లేదన్న మాట నిజమే మరి. వంక పోరంబోకు లెక్క రెవెన్యూ దగ్గర ఉంటుంది, పైన చెరువుల కట్టలు, తూములు, మరవలు (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోట్లు) ఇరిగేషన్ వాళ్ళు చూడాలి, ఊర్లోకొచ్చాక డ్రైన్లు, చెత్త కార్పొరేషన్‌ది, మీద కల్వర్టు రోడ్డోళ్ళది, ఒడ్డున స్తంభం కరెంటోళ్ళది. వంకలో పడే థర్మకోల్ ప్లేట్లు, నీళ్ళ ప్యాకెట్లు, కోడి ఈకలు మాత్రం ఏ ఆఫీసువీ కాదు, అవి మనవే.

ఇంకో సంగతి చెప్తాను. 2024 అక్టోబర్లో పండమేరు వంక పొంగి అనంతపురం పక్కన కాలనీలు మునిగినాయి, గుర్తుందా? అప్పుడు కట్ట తెగిన చెరువుల్లో కనగానపల్లి చెరువు ఒకటి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక కనగానపల్లి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. అంటే చెరువు ఒక కలెక్టర్ కింద, మునిగే ఇల్లు ఇంకో కలెక్టర్ కింద. నీళ్ళకి జీవో చదవడం రాదు కదా. అందుకే ఆ హోటల్ మీటింగ్‌లో ఎవరెవరు కూర్చున్నారు అన్న లిస్టు కన్నా ఎవరు లేరు అన్నది చూడండి. పై చెరువుల ఇంజనీరు లేకపోతే, పై ఊళ్ళ సర్పంచులు లేకపోతే, మీ కాలనీ నుంచి ఒక్క మనిషి కూడా లేకపోతే, అది టీ, బజ్జీల మీటింగే.

మన ఊరే చెరువుతో పుట్టింది. 1364 ప్రాంతంలో పండమేరుకి అడ్డంగా బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్ట వేయించాడని చెప్తారు, ఆ కట్టకి అటు బుక్కరాయసముద్రం, ఇటు అనంతపురం. కట్ట తెగబోతే ఊరు నిలబడాలని ముసలమ్మ అనే కోడలు గండిలో నిలబడి ప్రాణం ఇచ్చిందని కథ, ఈ ఊర్లో పుట్టినోళ్ళందరికీ తెలుసు. నాకు ఆ కథ విన్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది, కట్ట బీట వేసినప్పుడు చూడాల్సినోళ్ళు ఏం చేస్తాండ్రు అని. ఊరి పెద్దలందరూ ఉండగా చివరికి గండిలో నిలబడింది ఒక ఇంటి కోడలు. మొన్న నీళ్ళల్లో నిలబడింది మీరు.

అయితే అందరూ కలిస్తే పని కాదు అని మాత్రం అనకండి, మన జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది, మనం రోజూ తాగేదే కాబట్టి మర్చిపోయాం. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చినప్పుడు ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళు పచ్చబడి, నడుములు వంగిపోయిన ఊళ్ళకి, 700 పైచిలుకు ఊళ్ళకి, పైపులేశారు. ట్రస్టు డబ్బు పెట్టింది, ఎల్ అండ్ టీ వాళ్ళు కట్టారు, ప్రభుత్వం స్థలాలు, అనుమతులు, నీళ్ళు ఇచ్చి తర్వాత దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఎవరి పని ఏంటో ముందే తేలింది కాబట్టి అంత పని అంత తొందరగా అయింది. తర్వాత కథ కూడా చెప్పాలి కదా, కట్టడానికి ముందుకొచ్చినంత మంది నడపడానికి రారు, ఆ పథకం వర్కర్లు జీతాల కోసం సమ్మె చేయడం, ఊళ్ళకి నీళ్ళు ఆగడం పేపర్లలో చాలాసార్లు చూశాం. కట్టేది ఒకసారి, మోటర్ నడిపేది రోజూ.

కాబట్టి ఈసారి మీ పెద్దోళ్ళు కూర్చుంటే మీరు కాలనీ నుంచి నలుగురు ఆడోళ్ళు వెళ్ళి అడగండి. బిల్డర్లని అడగండి, ఎన్ని గంటల జేసీబీ ఇస్తారు, ఏ నెలలో? మనకి ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, అందులో పెద్ద వానలు సెప్టెంబర్, అక్టోబర్లలోనే, అంటే మే, జూన్‌లో పూడిక తీస్తేనే పని, దసరాకి ముందు తీస్తే ఫొటో. జేఎన్‌టీయూ లాంటి కాలేజీ ఊర్లోనే ఉంది, సివిల్ పిల్లోళ్ళతో పై చెరువు మరవ నుంచి ఊరు దాటే దాకా వంక లెవెల్స్, ఎక్కడ ఎంత వెడల్పు మిగిలింది అన్నది కొలిపించమనండి, అది వాళ్ళకి ప్రాజెక్టు, మనకి ఆధారం. హోటలోళ్ళని, చికెన్ షాపులోళ్ళని వ్యర్థాలు ఎక్కడ పోస్తున్నారో అక్కడే అందరి ముందే చెప్పమనండి (ఇక్కడ గది కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది, పర్లేదు). ఆక్రమణల సంగతి మాత్రం జాగ్రత్త. పెద్ద కాంప్లెక్సు వదిలేసి మీ రేకుల ఇళ్ళ మీదకే మొదట జేసీబీ వస్తుంది, అందుకే సర్వే మొత్తం వంకకి చేసి మ్యాపు బయట పెట్టాకనే ఏదైనా, ఇల్లు పోయేవాళ్ళకి ముందు పట్టా ఎక్కడో చెప్పాకనే ఏదైనా అని మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, రాయించండి. మినిట్స్ రాయని మీటింగ్‌కి మళ్ళీ పోవద్దు.

ప్రశ్న: అన్నా, మేం కడపలో వ్యాపారస్తులం. ఊరికి ఏదన్నా చేద్దామని డబ్బులు వేసుకుని డస్ట్‌బిన్లు, మొక్కల గార్డులు ఇచ్చినాం, ఏడాదికి ఒక్కటీ మిగల్లా. మాలాంటోళ్ళతో ఒక టాస్క్‌ఫోర్స్ వేసి మాకే అప్పజెప్తే ఊరు బాగుపడదా?

జవాబు: బాగుపడొచ్చు, సగం. బెంగళూరులో ఇదే చేశారు. 1999లో ఎస్.ఎం. కృష్ణ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఇన్ఫోసిస్ నందన్ నీలేకని అధ్యక్షుడిగా బెంగళూరు అజెండా టాస్క్‌ఫోర్స్ అని వేశారు. దాంట్లో నాకు నచ్చిన పని ఒకటుంది, కార్పొరేషన్, నీళ్ళ బోర్డు, కరెంటు, బస్సులు, పోలీసు ఇలా 7 సంస్థల పెద్దలు ముఖ్యమంత్రి ఎదుట, జనం ఎదుట నిలబడి మేం ఇది చేస్తామన్నాం, ఇది చేశాం, ఇది చేయలేకపోయాం అని చెప్పాల్సొచ్చేది. ఆఫీసరుకి మెమో కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. కానీ కార్పొరేటర్లని పక్కన పెట్టేశారని, ఓటేసిన వాళ్ళకి లేని మాట కంపెనీలోళ్ళకి ఎందుకని విమర్శ గట్టిగా వచ్చింది, 2004లో ప్రభుత్వం మారగానే అది చల్లబడిపోయింది. పైనున్న ఒక మనిషి ఇష్టం మీద నిలబడింది ఆ మనిషితోనే పోతుంది.

కాబట్టి అప్పజెప్పమని అడగొద్దు. మీ బుగ్గవంక దగ్గర షాపులుండేవాళ్ళు ఎంతమంది ఉన్నారో అంతమందీ మీ కార్పొరేటర్‌ని, ఇష్టం లేకపోయినా సరే, ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. ఇంక డస్ట్‌బిన్లు... మీరు డబ్బాలిచ్చారు, వాటిని రోజూ ఎత్తే మనిషి జీతం గురించి అడగలేదు. ఈసారి పది డబ్బాలు తగ్గించి ఆ డబ్బుతో రెండేళ్ళ నిర్వహణ రాసుకోండి.

ప్రశ్న: సార్, నేను కర్నూలులో రిటైర్డ్ టీచర్‌ని. 2009 అక్టోబర్ 2న వరదొచ్చి మేడ మీద రెండు రాత్రులు గడిపినోళ్ళం. అట్లాంటిది మళ్ళీ వస్తే ముందు ఎవరు చెప్తారు, ఎవరెవరు కలిసి పనిచేయాలి అని రాసిపెట్టింది ఏదన్నా ఉందా?

జవాబు: ఉంది మాస్టారూ, చట్టమే ఉంది. 2005 విపత్తుల చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి, కలెక్టర్ అధ్యక్షుడు, ఎన్నికైన స్థానిక ప్రతినిధి సహాధ్యక్షుడు, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి సభ్యులు. జిల్లా ప్లాన్ కూడా ఉండాలి. ఆ ప్లాన్‌లో మీ వీధికి లౌడ్‌స్పీకర్ ఎవరు తెస్తారు, పడవ ఎక్కడుంది, ఏ స్కూలు తాళం ఎవరి దగ్గరుంది అన్నవి ఉన్నాయో లేవో మీరు టీచరు కాబట్టి పేపర్లు దిద్దినట్టు దిద్దండి. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి మీద పడ్డాయి, కింద శ్రీశైలం నిండి నీళ్ళు పోయే దారి లేదు, మూడు చోట్ల లెక్క ఒకే చోటికి రాకపోతే ఊరికి ఏం చెప్తారు?

సూరత్‌లో 2006 ఆగస్టులో ఉకై డ్యామ్ నీళ్ళు వదిలితే ఊర్లో చాలా భాగం మునిగింది. వజ్రాలు, బట్టల వ్యాపారం అంతా ఆగిపోయింది కాబట్టి అక్కడ ఛాంబర్ ఆఫ్ కామర్సు కూడా కార్పొరేషన్, ఇరిగేషన్ వాళ్ళతో కలిసి ఒక ట్రస్టులో కూర్చుంది, పైన వాన ఎంత, డ్యామ్‌కి వచ్చేది ఎంత, ఊర్లోకి ఎప్పుడొస్తుంది అన్న హెచ్చరిక వ్యవస్థ పెట్టుకున్నారు. వ్యాపారులు దయతో రాలేదు, గోడౌన్లు మునిగి వచ్చారు. అదేం తప్పు కాదు, నన్నడిగితే అదే గట్టి కారణం.

ప్రశ్న: మా వార్డులో యువకులం పది మందిమి కలిసినాం. ఫోరం పెట్టాలనుకుంటున్నాం, మంచి పేరు చెప్పండి.

జవాబు: పేరు తర్వాత. రేపు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, మీ వంకకి సంబంధించిన ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) కాపీ కావాలని ఒక అర్జీ పెట్టి, రసీదు తీసుకుని, ఆ రసీదు ఫొటో నాకు పంపండి. కాపీ చేతికొచ్చే నాటికి మీ పది మందిలో ఎంతమంది మిగిలారో చూసి అప్పుడు పేరు పెట్టుకుందాం.