చనుమొనల మంట గురించి చిన్నికి

చిన్నీ,

నిన్న ఫోన్లో పక్కన ఎవరో ఉన్నారని సగం చెప్పి సగం మింగేశావు, అందుకే రాసి పంపిస్తున్నా, బాబు పడుకున్నాక తీరిగ్గా చదువుకో. కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన పెద్దమ్మ దగ్గర సిగ్గేమిటే నీకు?

మొనలు పగిలి రక్తం చారలు కనిపిస్తున్నాయంటే ముందు బాబు రొమ్ము ఎలా పట్టుకుంటున్నాడో చూడు, ఏ ట్యూబు రాయాలన్నది ఆ తర్వాత. కొత్తలో నోట పెట్టగానే కొన్ని సెకన్లు లాగినట్టు ఉండటం మామూలే. తాగినంతసేపూ పళ్లు బిగబట్టుకోవాల్సి వస్తోందంటే మాత్రం వాడు ఒట్టి మొననే పట్టుకుని నములుతున్నాడన్నమాట. పాలు తాగి వదిలాక మొన వాడిన లిప్‌స్టిక్ కొసలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉందా? అదే గుర్తు. నువ్వు ముందుకు వంగి వాడి నోట్లో పెట్టడం మానెయ్, అలా చేస్తే నడుం నొప్పి కూడా వస్తుంది. వాడి పొట్ట నీ పొట్టకి ఆనేలా దగ్గరకి తీసుకుని, మొనతో పైపెదవిని తాకిస్తూ, ఆవలించినంత పెద్దగా నోరు తెరిచాక ఒక్కసారిగా లోపలికి తీసుకో. గడ్డం రొమ్ముకి ఆనాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కింది వైపు ఎక్కువ లోపలికి పోవాలి. సరిగ్గా పడలేదనిపిస్తే లాగెయ్యకు, నోటి మూలలోంచి శుభ్రమైన చిటికెన వేలు పెట్టి పట్టు వదిలించి మళ్లీ పెట్టు. ఎన్నిసార్లు సర్దినా అంతేనా, పిల్లల డాక్టర్ని వాడి నాలుక కింద పొర బిగుతుగా ఉందేమో చూడమను.

తాగడం అయ్యాక నీ పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వు. కావాలంటే శుద్ధి చేసిన లానోలిన్ ఆయింట్‌మెంట్ పలచగా రాయొచ్చు, దాన్ని తుడిచి పాలివ్వాల్సిన పనిలేదు. సబ్బు వద్దు. అమ్మమ్మ బాలింత స్నానంలో సున్నిపిండితో వీపు ఎంతైనా రుద్దనీ, ఇక్కడికి మాత్రం చెయ్యి రానివ్వకు, చర్మానికి సహజంగా ఉండే జిడ్డంతా పోయి ఇంకా పగులుతుంది. ఆముదం, పసుపు ముద్ద కూడా వద్దు, తర్వాత రుద్ది కడగాలి, లేదంటే వాడి నోట్లోకి పోతాయి. ఆ నల్లటి భాగం మీద చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తే గిల్లకు, అవి జిడ్డు ఊరే గ్రంథులు, అందరికీ ఉంటాయి.

కొన్ని వారాలు హాయిగా పాలిచ్చాక ఉన్నట్టుండి మంట మొదలై, మొన గులాబీ రంగులో మెరుస్తూ పొట్టు రేగుతోంటే అది ఫంగస్ కావచ్చు. బాబు నోట్లో తుడిచినా పోని తెల్లమచ్చలుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి, ఒక్కరికే వాడితే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. నీకు క్రీమ్, వాడికి నోటి చుక్కలు, రెండూ డాక్టరే రాయాలి. ఇంట్లో ఎవరైనా తేనెతోనో బోరో గ్లిజరిన్‌తోనో నాలుక తుడుద్దామంటే గట్టిగా వద్దను: ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం, బోరో గ్లిజరిన్‌లో ఉండే బోరిక్ విషం.

రొమ్ములో ఒక పక్క ఎర్రగా గట్టిపడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే దిష్టి తీసుకుంటే తీసుకోండి గానీ పాలివ్వడం ఆపొద్దు. మా రోజుల్లో వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకమనేవాళ్లం. ఇప్పుడు అలా పిసికితే లోపల వాపు పెరుగుతుందని చల్లటి గుడ్డ వెయ్యమంటున్నారు, అదే మంచిది. నొప్పికి పారాసెటమాల్ వేసుకో. ఒక రోజులో తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లు, ఆలస్యమైతే చీముగడ్డ కట్టొచ్చు, ఆ చీము తీయించుకోవాల్సి వస్తుంది.

ఇక మెడికల్ షాపువాడిచ్చే ట్యూబుల సంగతి. దురద అనగానే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపినది చేతిలో పెడతాడు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి తామర రెట్టింపవుతుంది. మీ అత్తయ్యగారికి ఎండాకాలంలో రొమ్ము కింద ఒరుస్తుందన్నావుగా, ఆవిడ కూడా అదే రాస్తుంటారు. స్నానం కాగానే ఆ మడత పొడిగా తుడుచుకుని, కాటన్ బ్రా వేసుకుని, చెమటకి తడిసినప్పుడల్లా మార్చుకోమను. మాటిమాటికీ వస్తోందంటే షుగర్ పరీక్ష చేయించండి.

ఇంకొక్కటి, ఇది మీ అమ్మకీ చదివి వినిపించు. మామూలు ఎగ్జిమా, అంటే దురదతో చర్మం ఎర్రబడి పొలుసులు లేచే జబ్బు, ఎక్కువగా రెండు వైపులా వస్తుంది. ఒక్క మొన మీదే పొలుసులు, పుండు, రసి వస్తూ రెండు మూడు వారాలైనా మానకపోతే క్రీములు మారుస్తూ కూర్చోకూడదు. అలాంటి పుండు వెనక రొమ్ము క్యాన్సర్ ఉండొచ్చని పాజెట్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1874లోనే రాశాడు, దానికి ఆయన పేరే పెట్టారు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోతుంది. మొన కొత్తగా లోపలికి పోయినా, పాలిచ్చే రోజులు కాకపోయినా రక్తం కారినా, గడ్డ తగిలినా, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడినా సర్జన్‌కి చూపించాల్సిందే. మగ డాక్టరని ఆగిపోవద్దు, ఆడ నర్సు పక్కన ఉండాలని అడగొచ్చు, అది మన హక్కు.

సాయంత్రం బాబు నోట్లో తెల్లగా ఏమైనా ఉందేమో వెలుతురులో చూసి ఫోన్ చెయ్. ఈసారి గదిలోకెళ్లి మాట్లాడు.

మీ పెద్దమ్మ