మాల్‌పై అర్జీ: కొట్టు యజమానిగా కాదు, పేటవాసిగా రాయండి

ప్రశ్న: విశాఖ చినవాల్తేరులో మాకు చాలా ఏళ్లుగా కిరాణా కొట్టు ఉంది. బీచ్ రోడ్డులో హార్బర్ పార్క్ దగ్గర ప్రభుత్వ స్థలాన్ని హైపర్‌మార్కెట్ ఉండే పెద్ద మాల్‌కి ఇచ్చారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఉద్యోగాలొస్తాయని కొందరు సంతోషంగా ఉన్నారు. మాలాంటి కొట్లవాళ్లకి నిద్ర పట్టడం లేదు. సంతకాలు సేకరిస్తున్నాం. కోర్టులో నిలుస్తుందా?

జవాబు: మీ భయం న్యాయమైనదే. కానీ అర్జీ మొదట్లోనే "మా వ్యాపారాలు పోతాయి" అని రాస్తే అది అక్కడే ఆగిపోతుంది. ఎందుకో చెప్పడానికి రెండు పాత తీర్పులు చాలు.

ఒక సినిమా హాలు యజమాని, తన ఊళ్లో ఇంకో హాలుకిచ్చిన ఎన్‌ఓసీని (అభ్యంతరం లేదని అధికారులిచ్చే పత్రాన్ని) సవాలు చేశాడు. జస్‌భాయ్ మోతీభాయ్ దేశాయ్ కేసుగా 1976 రిపోర్టుల్లో ఉంది. పోటీ వల్ల వచ్చే నష్టం చట్టం గుర్తించే నష్టం కాదని సుప్రీంకోర్టు అతన్ని వెనక్కి పంపింది. అంతకుముందే, 1974లో, ఉడుపి కేసు. టౌన్ ప్లానింగ్ స్కీమ్‌కి విరుద్ధంగా ఇళ్ల మధ్య సినిమా హాలుకి మునిసిపాలిటీ అనుమతిచ్చింది. అక్కడ నివసించే రామదాస్ షెణాయ్ కోర్టుకెక్కితే, ఆ అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ సినిమా హాళ్లే. ఒకరు వ్యాపారిగా అడిగారు, ఒకరు పేటవాసిగా అడిగారు.

మీరు రెండూ కదా. పేటవాసిగానే రాయండి: బీచ్ రోడ్డు ట్రాఫిక్, పార్కింగ్, వాననీటి కాలువ, సరుకు లారీలు ఏ వీధిలోంచి తిరుగుతాయన్నది. ఉద్యోగాలు కావాలనేవాళ్లతో తగువు పెట్టుకోకండి. "మాల్ వద్దు" అని కాక "రోడ్డూ కాలువా తేల్చకుండా వద్దు" అని రాస్తే వాళ్లలోనూ చాలామంది సంతకం పెడతారు.

ఇక "మమ్మల్ని అడగలేదు" అన్న మాట. చెప్పడానికి నాకే బాధగా ఉంది, కానీ చెప్పాలి. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు (సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు) దాటిన నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. అయితే భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చేశారు. కాబట్టి బహిరంగ విచారణ జరపలేదన్న ఒక్క కారణం మీద కేసు వేస్తే ఓడిపోతారు.

మీ కేసుకి అసలు బలం స్థలంలో ఉంది. 2018లో శంకుస్థాపన, 2019లో రద్దు, 2025లో మళ్లీ 99 ఏళ్ల లీజుకి కేటాయింపు. ప్రభుత్వ భూమిని ఎవరికైనా ఇచ్చేటప్పుడు బాహాటంగా, అందరికీ తెలిసిన విధానం ప్రకారం ఇవ్వాలని అఖిల భారతీయ ఉపభోక్తా కాంగ్రెస్ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె ఏ లెక్కన కట్టారు, ఇంకెవరినైనా పిలిచారా, లేదా అన్నది అడిగే హక్కు పౌరుడిగా మీకుంది. ఇది హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యంగా, అంటే పిల్‌గా వేయదగ్గ విషయం. జాప్యం చేస్తే మాత్రం, కట్టడం లేచాక వచ్చారేమని కోర్టే అడుగుతుంది.

అందుకే ఈ వారమే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. కేటాయింపు జీవో, లీజు పత్రం, వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్ (ఇళ్లకా, వ్యాపారానికా), ట్రాఫిక్ అధ్యయనం ఉంటే దాని నకలు అడగండి. సముద్రం పక్కనే కాబట్టి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) అనుమతి కాగితమూ తప్పకుండా అడగండి. సముద్రపు పోటు గరిష్ఠంగా వచ్చే రేఖ నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు వర్తించే అవకాశం ఉంది. జవాబుకి 30 రోజుల గడువు.

జోన్ మార్పు ప్రకటన పత్రికలో వస్తే అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ. ఉమ్మడి అర్జీతో సరిపెట్టకుండా ఇంటికొకటి చొప్పున విడివిడిగా ఇచ్చి, ప్రతి కాపీ మీదా స్టాంపు వేయించుకోండి.

ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్లని ఖాళీ చేయిస్తే అది వేరే దారి: 2014 వీధి వ్యాపారుల చట్టం.

పర్యావరణ అనుమతి వస్తే, తెలిసిన 30 రోజుల్లోగా చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో అప్పీలు వేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఇవ్వరు. కేంద్రం పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో ఈ ప్రాజెక్టు ఫైలు ఎక్కడున్నదో వారానికొకసారి చూసే బాధ్యత మీ పేటలో చదువుకున్న పిల్లల్లో ఒకరికి అప్పగించండి.